ఢిల్లీ బడుల్లో తిండి, ఆటల పాఠాలు: ముప్పై ఏళ్ళ అనుభవం చెప్పేదేమిటి?

ఢిల్లీ, నోయిడా, గుర్‌గ్రామ్, గాజియాబాద్, ఫరీదాబాద్ బడుల్లో ఆరోగ్యం మీద సెషన్లు పెట్టడం కొత్తేమీ కాదు. ఆస్పత్రి నుంచి డైటీషియన్ వస్తారు, స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వస్తారు, ఏదో ఒక కంపెనీ ఖర్చు పెట్టుకుంటుంది. రెండు మూడు సెక్షన్ల పిల్లల్ని హాల్లో కూర్చోబెడతారు. తెర మీద బొమ్మలు, జంక్‌ఫుడ్ మీద ఉపన్యాసం, చిన్న క్విజ్, చివర్లో తలా ఒక అరటిపండు, గ్రూప్ ఫొటో. మర్నాడు క్యాంటీన్లో అదే సమోసా, అదే బ్రెడ్ పకోడా, అదే కూల్‌డ్రింకు. గేమ్స్ పీరియడ్‌లో లెక్కల మేడమ్ సిలబస్ పూర్తి చేస్తుంటారు.

ఇన్నేళ్ళ ఈ సెషన్ల వల్ల పిల్లలకు ఏమైనా ఒరిగిందా? ఏ పద్ధతి పనిచేసింది, ఏది చేయలేదు? దీనికి జవాబు చెప్పగలిగినంత అనుభవం రాజధానిలో పోగైంది. అది చూశాక నాకు తేలిందేమిటో ముందే చెబుతాను. ఉపన్యాసం పిల్లల క్విజ్ మార్కుల్ని మార్చింది. బడిలో గడిచే రోజు మారిన చోట మాత్రమే పిల్లల ఒంట్లో మార్పు కనిపించింది.

ఒకే తరగతిలో రెండు కష్టాలు

ఊబకాయం గురించి మాట్లాడేటప్పుడు మనం ఒక సగాన్నే చూస్తుంటాం. 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం దేశంలో 10–19 ఏళ్ళ పిల్లల్లో 24 శాతం మంది ఉండాల్సినదానికన్నా సన్నగా ఉన్నారు. 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. 28 శాతం మందికి రక్తహీనత. అదే సర్వేలో, బడి వయసు పిల్లల్లోనూ కౌమారంలోనూ సుమారు పదిమందిలో ఒకరికి మధుమేహానికి ముందు దశ కనిపించింది. సన్నగా ఉన్న పిల్లవాడికి చక్కెర జబ్బు రాదన్న ధీమా ఇక చెల్లదు.

ఇంకోవైపు 2022 నాటికి దేశంలో 5–19 ఏళ్ళ వాళ్ళలో సుమారు కోటీ పాతిక లక్షల మంది ఊబకాయంతో ఉన్నారని 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం లెక్కకట్టింది. ఆటల సంగతికొస్తే, పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 లెక్కల ప్రకారం మన దేశంలో 11–17 ఏళ్ళ వాళ్ళలో దాదాపు 74 శాతం మంది ఆ గంటను అందుకోవడం లేదు.

అందుకే ఢిల్లీలో సెషన్ నడిపేవాళ్ళకు ఎదురుగా కూర్చునేది ఒక రకం పిల్లలు కాదు. ఒకే బెంచీలో రక్తం చాలని అమ్మాయి ఉంటుంది, నడుము చుట్టూ కొవ్వు పేరుకున్న అబ్బాయి ఉంటాడు, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ఉంటుంది. "తక్కువ తినండి" అన్న సలహా వీళ్ళలో ఒకరికి పనికొచ్చినా మిగతా ఇద్దరికీ చేటు చేస్తుంది. సెషన్ లక్ష్యం బరువు తగ్గించడం అని పెట్టుకున్న క్షణంలోనే దారి తప్పుతుంది. అందరికీ సరిపడే లక్ష్యాలు రెండే: తిండిలో నాణ్యత, ఒంట్లో సత్తువ.

రాజధానిలో పడిన పునాది

ఈ బడి ఆరోగ్యపాఠాల చరిత్రలో మన తెలుగువాడి పాత్ర పెద్దది. హైదరాబాద్ ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె వైద్య విభాగానికి అధిపతిగా పనిచేసిన డాక్టర్ కె. శ్రీనాథ్‌రెడ్డి, గుండె జబ్బుల నివారణ ఆస్పత్రిలో కాకుండా బడిలో మొదలవ్వాలని నమ్మారు. 1992లో ఢిల్లీలో మొదలైన 'హృదయ్' సంస్థకు ఆ ఆలోచనే ప్రాణం. అమెరికాలో 1990ల తొలినాళ్ళలో 96 బడుల్లో 'క్యాచ్' పేరుతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అక్కడ మధ్యాహ్న భోజనంలో కొవ్వు తగ్గించారు, వ్యాయామ పీరియడ్‌లో పిల్లలు నిజంగా పరుగెత్తే సమయం పెంచారు. ఆ అనుభవాన్ని మన పిల్లలకు తగ్గట్టు మలిచి, 1990ల చివర్లో ఢిల్లీలో 30 బడుల్లో ఏడో తరగతి వాళ్ళతో 'హృదయ్–క్యాచ్' నడిపారు. ఉపాధ్యాయులకు శిక్షణ, తోటి విద్యార్థులే నాయకులుగా చర్చలు, కొన్ని బడుల్లో ఇంటివాళ్ళను కూడా కలుపుకోవడం ఇందులో ఉన్నాయి. 2002లో అచ్చయిన ఫలితాల్లో, ఈ పాఠాలు అందుకున్న పిల్లలు పొగాకు జోలికి పోవడం తగ్గిందని స్పష్టంగా తేలింది. తర్వాత ఢిల్లీ, చెన్నై బడుల్లో 'మైత్రి' పేరుతో పొగాకు మీద సాగిన కార్యక్రమంలోనూ తోటి విద్యార్థి మాటే ముఖ్యమైన సాధనం.

రెండో పాయ డాక్టర్ అనూప్ మిశ్రా నాయకత్వంలోని డయాబెటిస్ ఫౌండేషన్‌ది. 2000ల మధ్యలో వాళ్ళు మొదలుపెట్టిన 'మార్గ్' కార్యక్రమం ఉత్తర భారతంలో 15 నగరాల్లో 40 వేలకు పైగా పిల్లలను, వేల మంది తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను చేరింది. 2010లో వచ్చిన దాని ఫలితాల్లో రెండు సంగతులు ప్రత్యేకంగా గమనించాలి. మొదట్లో ప్రభుత్వ బడుల పిల్లలకూ ప్రైవేటు బడుల పిల్లలకూ పోషకాహారం గురించి తెలిసినదానిలో చాలా తేడా ఉండేది. కార్యక్రమంతో పెద్దపిల్లల కన్నా ఎక్కువ లాభపడింది 8–11 ఏళ్ళ చిన్నపిల్లలు. బోర్డు పరీక్షలు దగ్గరపడ్డాక తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టే సెషన్ల కన్నా, మూడో తరగతిలో మొదలుపెట్టినవి మేలు.

అదే బృందం అదే ఏడాది ప్రచురించిన ఇంకో అధ్యయనం చిన్నదే, కానీ చాలా విలువైనది. రెండు బడుల్లో 15–17 ఏళ్ళ వాళ్ళు 201 మంది, ఆరు నెలల కాలం. ఒక బడిలో ఉపన్యాసాలతో ఆగకుండా విడివిడిగా సలహాలు, చర్చలు, తల్లిదండ్రుల్ని కలుపుకోవడం, క్యాంటీన్లో మార్పులు, విద్యార్థి నాయకుల శిక్షణ కలిపి నడిపారు. ఆ బడిలో కూల్‌డ్రింకులు తాగేవాళ్ళు తగ్గారు, టిఫిన్ డబ్బాలో పండు తెచ్చుకునేవాళ్ళు పెరిగారు, నడుము చుట్టుకొలత, పరగడుపు చక్కెర తగ్గాయి. ఆరు నెలల్లో ఇంత జరగడానికి కారణం, నాలుగు వైపుల నుంచీ ఒకే మాట పిల్లల చెవిన పడటం.

బయటి దేశాల పాఠం

ప్రపంచ సాక్ష్యం చూస్తే అతిగా ఆశపడకూడదనీ తెలుస్తుంది, నిరాశ అక్కర్లేదనీ తెలుస్తుంది. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల 54 బడుల్లో ఆరేడేళ్ళ పిల్లలతో ఏడాదిపాటు 'వేవ్స్' ప్రయోగం చేశారు. రోజూ అరగంట అదనపు ఆట, తల్లిదండ్రులతో వంట తరగతులు, పేరున్న ఫుట్‌బాల్ క్లబ్బుతో ఆరు వారాల కార్యక్రమం పెట్టారు. 2018లో ఫలితం వచ్చింది: బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. పూణేలో ఐదేళ్ళపాటు సాగిన బడి కార్యక్రమంలో పిల్లల శారీరక దారుఢ్యం పెరిగింది, కానీ అధిక బరువున్నవాళ్ళ సంఖ్య తగ్గలేదు.

చైనాలో ఫలితం వేరుగా వచ్చింది. బీజింగ్‌తో కలిపి మూడు ప్రాంతాల్లో 24 బడుల్లో, దాదాపు 1,400 మంది పిల్లలతో ఒక విద్యా సంవత్సరం నడిపిన కార్యక్రమంలో శరీర బరువు సూచీ (బీఎంఐ) తగ్గింది. అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పారు, బడిలో తిండి, వ్యాయామ నియమాలు మార్చారు, తల్లిదండ్రులకు ఫోన్ యాప్ ద్వారా పిల్లల పురోగతి ఎప్పటికప్పుడు చూపించారు. 2024లో కాక్రేన్ సంస్థ వందలాది అధ్యయనాలను కలిపి చూసి తేల్చిందీ ఇలాంటిదే: 5–11 ఏళ్ళ వాళ్ళలో ఆట ఒక్కటే పెట్టినా, ఆటకు తిండి పాఠం జోడించినా బరువు మీద చిన్నదే అయినా మేలు కనిపిస్తుంది. తిండి పాఠం ఒంటరిగా పెట్టినచోట ఆ మేలు కనిపించలేదు.

మన బడుల్లో జరిగేది సరిగ్గా ఆ మూడోది. తిండి మీద ఉపన్యాసం ఉంటుంది, ఆట ఉండదు.

సెషన్ లోపల

అలాగని సెషన్లు దండగ అనను. బాగా నడిపిన సెషన్ పిల్లల కళ్ళు తెరిపిస్తుంది. ఏడో తరగతి, నలభై నిమిషాల పీరియడ్ అనుకుందాం. బల్ల మీద 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసా, పంచదార డబ్బా, టీ చెంచా, ఖాళీ గాజు గ్లాసు. సీసా వెనక సన్నటి అక్షరాల్ని ఒక పిల్లవాడు గట్టిగా చదువుతాడు: వంద మిల్లీలీటర్లకు పది గ్రాముల పైచిలుకు చక్కెర. సీసా మొత్తానికి ఎంతని తరగతి అంతా లెక్కవేస్తుంది. ముప్పై గ్రాములు దాటుతుంది. చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున ఇద్దరు పిల్లలు వచ్చి గ్లాసులో పోస్తారు. ఎనిమిది చెంచాలు. రోజంతా తినే శక్తిలో చక్కెర వాటా 10 శాతం మించకూడదనీ, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు 2,000 కిలోక్యాలరీలు తినే పిల్లకు ఆ 5 శాతం అంటే 25 గ్రాములే. ఒక్క సీసాతో ఆ రోజు కోటా అయిపోయింది. ఈ లెక్క తమ చేత్తో చేసిన పిల్లలు దాన్ని మర్చిపోరు, ఇంటికెళ్ళి అమ్మానాన్నలకు కూడా చెబుతారు.

మరుసటి వారం చిప్స్ ప్యాకెట్, ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్యాకెట్. వెనక "వంద గ్రాములకు" ఒక అంకె, "ఒక సర్వింగ్‌కు" ఇంకో అంకె ఉంటాయి. పిల్లలు తినేది ప్యాకెట్ మొత్తం. కాబట్టి మూడో అంకె వాళ్ళే కట్టుకోవాలి. ఇది ఆరోగ్యపాఠమే కాదు, నిష్పత్తుల లెక్క కూడా. అందుకే లెక్కల టీచర్‌కీ ఇందులో వాటా ఇవ్వాలి.

టిఫిన్ డబ్బాల సెషన్ జాగ్రత్తగా నడపాలి. అందరి ముందూ డబ్బాలు తెరిపించి మంచిది, చెడ్డది అని మార్కులు వేస్తే, రొట్టె, పచ్చడి మాత్రమే తెచ్చుకున్న పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంటుంది. అడగాల్సింది ఒక్కటే: ఇందులో ఇంకేం చేరిస్తే బాగుంటుంది? ఉడికించిన శనగలు, వేరుశనగ పప్పు, శీతాకాలంలో ఢిల్లీ వీధుల్లో చవగ్గా దొరికే జామకాయ, ముల్లంగి, ఉసిరికాయ, కాస్త పెరుగు. పేదింటి డబ్బాకూ అందుబాటులో ఉండని సలహా సలహాయే కాదు.

బరువు చూడటం గురించి గట్టిగా చెప్పాలి. తరగతిలో వరుసగా నిలబెట్టి బరువు తూచి అంకె చదివి వినిపించడం తక్షణం ఆపాలి. లావుగా ఉన్న పిల్లవాడికి ఆ రోజు దక్కేది ఒక మారుపేరు. కొలవాల్సింది సత్తువ. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో 600 మీటర్ల పరుగు, 50 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకు వంగడం లాంటివి ఉన్నాయి. ఏ పిల్ల అయినా తన పాత సమయంతోనే పోటీ పడుతుంది. తోటివాళ్ళతో పోలిక లేదు కాబట్టి ఎవరికీ తలవంపులు లేవు.

గేటు బయటా, క్యాంటీన్లోనూ

పాఠం ఒకటి, అమ్మేది ఇంకొకటి అయితే పిల్లలు నమ్మేది అమ్మేదాన్నే. ఈ సంగతిని కోర్టుకు తీసుకెళ్ళింది కూడా ఢిల్లీయే. బడుల్లో, బడుల చుట్టుపక్కల జంక్‌ఫుడ్ అమ్మకం ఆపాలని ఉదయ్ ఫౌండేషన్ 2010లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. 2015లో వచ్చిన తీర్పు దరిమిలా కదిలిన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, 2020లో నిబంధనలు ప్రకటించింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి ఆవరణలోనే కాదు, గేటు నుంచి 50 మీటర్ల లోపు కూడా అమ్మకూడదు, ప్రకటనలు పెట్టకూడదు. 2021 జులై నుంచి ఇవి అమల్లో ఉన్నాయి.

కాగితం మీద ఇది గట్టి చట్టమే. కానీ సాయంత్రం బడి వదిలేవేళ ఏ కాలనీలోనైనా గేటు దగ్గర నిలబడి చూడండి. మోమోల బండి, ఛోలే కుల్చే సైకిలు, రంగు నీళ్ళ ఐస్ ఎక్కడికీ పోలేదు. బండ్లవాళ్ళను పోలీసులతో తరిమించడం దీనికి పరిష్కారం కాదు, వాళ్ళకూ ఇల్లు గడవాలి. మొక్కజొన్న పొత్తులు, ఉడికించిన శనగల చాట్, పండ్ల ముక్కలు, మజ్జిగ అమ్మేవాళ్ళకు గేటు దగ్గర చోటిచ్చి, శుభ్రత నేర్పితే ఇద్దరికీ మేలు.

2025 మే నెలలో సీబీఎస్‌ఈ తన బడులన్నిటిలో, తిండిలో చక్కెర ఎంతుందో చూపే 'షుగర్ బోర్డులు' పెట్టమంది. 4–10 ఏళ్ళ పిల్లల రోజువారీ శక్తిలో 13 శాతం, 11–18 ఏళ్ళ వాళ్ళలో 15 శాతం చక్కెర నుంచే వస్తోందని ఆ ఉత్తర్వు చెప్పింది. ఆ తర్వాత నూనె బోర్డుల మాట కూడా వచ్చింది. మంచిదే. కానీ ఆ బోర్డు క్యాంటీన్ కౌంటర్ పక్కన, ధరల పట్టిక కింద ఉండాలి. ప్రిన్సిపల్ గది బయట వేలాడదీస్తే పిల్లలెవరూ చదవరు.

ఆటకు చోటెక్కడ, గాలెక్కడ

ఢిల్లీలో ఆటను అడ్డుకునేవి మూడు: స్థలం, కాలం, పరీక్షలు. చాలా ప్రభుత్వ బడులు రెండు పూటలుగా నడుస్తాయి. పొద్దున అమ్మాయిలు, మధ్యాహ్నం అబ్బాయిలు, ఒకే భవనం, ఒకే మైదానం. ఇరుకు వీధుల్లోని ప్రైవేటు బడుల్లో ఆ మైదానం కూడా ఉండదు. 2018లో సీబీఎస్‌ఈ తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా రోజుకో ఆరోగ్య, వ్యాయామ పీరియడ్ తప్పనిసరి చేసింది. ఆ పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, ఫిబ్రవరి దగ్గరపడేసరికి సైన్సు రివిజన్ కింద మారిపోతుంది.

కాలం సంగతి ఇంకా కష్టం. ఏప్రిల్ చివరి నుంచి వడగాలి, జులై నుంచి ఉక్కపోత, అక్టోబరు చివర మొదలై జనవరి దాకా పొగమంచు, విషపు గాలి. గాలి నాణ్యత తీవ్ర స్థాయికి పడిపోతే ఆంక్షలొచ్చి తరగతులే ఆన్‌లైన్‌కు మారతాయి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు సైతం, ఈ నెలల్లో బడి క్రీడాపోటీలు పెట్టడం పిల్లల్ని ప్రమాదంలోకి నెట్టడమేనని ఆందోళనపడి, వాటిని మంచి గాలి ఉండే నెలలకు జరపమంది. ఏడాదిలో ఆరుబయట హాయిగా ఆడుకోగల నెలలు లెక్కపెడితే వేళ్ళు మిగిలిపోతాయి. కాబట్టి ఢిల్లీ బడికి రెండు క్యాలెండర్లు కావాలి. ఫిబ్రవరి, మార్చి, సెప్టెంబరు, అక్టోబరు మొదటి భాగం ఆరుబయట ఆటలకు. మిగతా రోజులు గదుల్లో చేయగల యోగా, తాడాట, డాన్సు, బల్లల మధ్యే చేసే పది నిమిషాల కదలికలకు. గాలి మరీ చెడ్డ రోజున గదిలోనూ ఆయాసపెట్టే ఆట వద్దు.

ఆట పెట్టే తీరు కూడా మారాలి. 45 మంది తరగతికి ఒక బంతి ఇస్తే పదిమంది ఆడతారు, మిగతావాళ్ళు గోడకు చేరగిలబడతారు. చిన్న చిన్న జట్లుగా విడదీసి ఒకేసారి ఖోఖో, ఏడు పెంకులాట, రిలే, తాడాట నడిపితే అందరూ చెమటోడుస్తారు. స్కాట్లండ్‌లో ఒక ప్రధానోపాధ్యాయురాలు 2012లో మొదలుపెట్టిన 'డైలీ మైల్' ప్రపంచమంతా పాకడానికి కారణం అది తేలిక కావడమే: రోజూ పదిహేను నిమిషాలు, బడి బట్టలతోనే, ఎవరి వేగంలో వాళ్ళు నడక లేదా పరుగు. ఎనిమిదో తరగతి దాటగానే మైదానం వదిలేసే ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. పరుగెత్తడానికి వీలైన బట్టలు, శుభ్రమైన మరుగుదొడ్డి, వాళ్ళకంటూ విడిగా ఒక సమయం ఉంటే చాలామంది మళ్ళీ వస్తారు.

చెప్పేదెవరు, వినేదెవరు

బయటివాళ్ళు వచ్చి వెళ్ళిపోతారు, బడిలో ఉండేది టీచరే. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం దీన్ని గుర్తించింది. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక మహిళ, ఒక పురుషుడు, ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొంది వారానికో గంట పదకొండు అంశాల మీద పాఠాలు నడపాలి. పోషకాహారం, ఆరోగ్యకర జీవనం వాటిలో ఉన్నాయి. ఇది సరైన దారి. ఆ టీచర్లకు ఎన్నికల పనులూ సర్వే పనులూ తగ్గించి ఆ గంటను కాపాడటమే మిగిలిన పని.

ఇంటివాళ్ళు కలవకపోతే మాత్రం ఏదీ నిలవదు. తల్లిదండ్రుల సమావేశం అంటే మార్కుల కార్డు మీద సంతకం అన్న అలవాటు పోయి, అందులో పది నిమిషాలు తిండికీ ఆటకీ కేటాయించాలి. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పునాది వేసిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులతో సహా, రాజధానిలో తెలుగు పిల్లలు చదివే బడులన్నిటిలో ఈ మాట తెలుగు తల్లులకు తేలిగ్గా ఎక్కుతుంది. ఇడ్లీ, పెసరట్టు, రాగి అట్టు, గుగ్గిళ్ళు మన వంటింట్లోనే ఉన్నాయి. అయితే మన పళ్ళెంలో లోపమూ ఒప్పుకోవాలి. రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన ఇళ్ళలో అన్నం, ఉత్తరాది ఇళ్ళలో రొట్టె ఆ గీత ఎప్పుడో దాటేశాయి. పప్పు, కూర, గుడ్డు, పెరుగు పెరగాలి.

తేలిందేమిటి

ముప్పై ఏళ్ళ ఈ అనుభవం ఒక క్రమాన్ని చూపిస్తోంది. చిన్న తరగతుల్లోనే మొదలుపెట్టాలి. పాఠానికి ఆట జోడించాలి. క్యాంటీన్‌ను మార్చాలి. ఇంటిని కలుపుకోవాలి. బరువును వదిలి సత్తువను కొలవాలి. ఏడాదితో ఆపకుండా కొనసాగించాలి. వీటిలో ఖరీదైనది ఒక్కటీ లేదు, కావల్సింది టైంటేబుల్లో మాట నిలబెట్టుకునే పట్టుదల.

ఢిల్లీలోనైనా, విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా మీ పిల్లల బడికి ఈసారి వెళ్ళినప్పుడు ప్రిన్సిపల్‌ను మూడు ప్రశ్నలు అడగండి. గేమ్స్ పీరియడ్ ఈ నెలలో ఎన్నిసార్లు రద్దయింది? క్యాంటీన్లో ఏం అమ్ముతున్నారు? ఆరోగ్యపాఠం చెప్పే టీచర్ ఎవరు? పదిమంది తల్లిదండ్రులు పదే పదే అడిగితే ఏ బడీ జవాబు చెప్పకుండా ఉండలేదు. అడగడం మన హక్కు, పిల్లల కోసం మన బాధ్యత కూడా.